రైలు గదికీ ఒక పద్దు కావాలి

ప్రశ్న: మాది విశాఖపట్నం. వయసు 38. నెలకు 78,000 చేతికి వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 23,000, ఇంటి ఖర్చులు 34,000, సిప్ 5,000. పాపకు ఏడేళ్లు. ఇంట్లో పన్నెండు అడుగుల గదిలో కొత్తవలస–కిరండూల్ లైన్‌లోని బొర్రా గుహలు స్టేషన్‌ను హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే చిన్న సైజు మోడల్ రైల్వేగా కడుతున్నాను. రెండేళ్లలో క్రెడిట్ కార్డు మీద 1,35,000 బాకీ అయింది, మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. ఎఫ్‌డీలో 2 లక్షలున్నాయి. ఇప్పుడు సౌండ్ ఉన్న డిజిటల్ మోడల్ ఇంజిన్ 38,000కు నో కాస్ట్ ఈఎంఐలో దొరుకుతోంది. అసలు రైలులో లాగే రేక్‌కు (ఇంజిన్ వెనక కోచ్‌ల వరుసకు) 18 కోచ్‌లూ కొనాలని ఉంది. మా ఆవిడకు టెన్షన్‌గా ఉంది. హాబీ మానేయాలా?

జవాబు: మానేయొద్దండీ. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి రెండు గంటలు వైరింగ్ చేసుకుంటూ ఇంటిపట్టున ఉండే మనిషికి ఆ గది అవసరం. మీ ఇబ్బంది రైళ్లతో కాదు, కార్డుతో.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. 1,35,000 మీద నెల వడ్డీ 4,725. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 850. అంటే నెలకు 5,500కు పైగా పోతోంది, ఒక్క వ్యాగన్ కూడా ఇంటికి రాకుండానే. మీరు కట్టే మినిమమ్ డ్యూలో ఎక్కువ భాగం ఇదే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ మోస్తున్నంత కాలం, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. గడువు లోపల కడితే వడ్డీ ఉండదన్న వెసులుబాటు అప్పుడు వర్తించదు.

అందుకని ఎఫ్‌డీలోంచి 1,35,000 తీసి బాకీ మొత్తం కట్టేయండి. ముందే తీసినందుకు బ్యాంకు వడ్డీలో కొంత కోస్తుంది, పర్వాలేదు. ఏడాదికి 7 శాతం తెచ్చే డబ్బును పక్కన ఉంచుకుని 42 శాతం వడ్డీ కట్టడం కంటే ఆ కోత చాలా చిన్నది. కట్టే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి ఆ రోజుకు కట్టాల్సిన మొత్తం ఎంతో అడగండి. తర్వాతి బిల్లులో కూడా కొద్దిగా వడ్డీ కనిపించవచ్చు, దాన్నీ వెంటనే కట్టేయండి.

ఇక నెలకు 16,000 మిగులుతుంది. అందులో 10,000 మళ్లీ ఎఫ్‌డీకి, దాదాపు 14 నెలల్లో అది పూడిపోతుంది. 3,000 టర్మ్ ఇన్సూరెన్స్‌కు, ఇలా ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు. మిగతా 3,000 రైలుకు. దానికి వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి, డెబిట్ కార్డు తప్ప ఇంకేమీ వద్దు. ఏ నెలైనా ఖర్చు కాకపోతే అందులోనే ఉండనివ్వండి. ఆ ఖాతా వివరాలు మీ ఆవిడకు కూడా కనబడేలా పెట్టండి. ఎంత పోతోందో తెలియకపోవడం వల్లే ఆవిడకు ఆ టెన్షన్ అని నా నమ్మకం.

పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా ఈ నెలలోనే 250 రూపాయలతో తెరవండి. పదేళ్లు నిండాక తెరవనివ్వరు. ఎఫ్‌డీ పూడాక ఆ 10,000ను అటు మళ్లించవచ్చు.

ఇప్పుడు 18 కోచ్‌ల సంగతి. హెచ్‌ఓ అంటే అసలు సైజులో 87వ వంతు. 23.54 మీటర్ల ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం) కోచ్ మీ గదిలో 27 సెంటీమీటర్లు అవుతుంది. పద్దెనిమిది కోచ్‌లంటే ఇంజిన్ కాకుండానే 4.86 మీటర్లు. మీ గోడ పొడవే 3.66 మీటర్లు! ఆరు కోచ్‌లైతే 1.62 మీటర్లు, ప్లాట్‌ఫారం పక్కన అందంగా నిలబడతాయి. అందులో ఒకటి 2017లో ఆ లైన్‌లో మొదలైన, అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ కోచ్ లాంటిదైతే చాలు, చూసినవాళ్లకు అరకు రైలని తెలిసిపోతుంది. ఆ పన్నెండు కోచ్‌ల డబ్బు మీరు ఖర్చు పెట్టనక్కరలేదు.

అసలు ఆ లైన్‌కు ప్రాణం కొండలూ 58 సొరంగాలూ. వాటికి పెద్దగా డబ్బు అక్కరలేదు. థర్మోకోల్ మీద పాత పేపర్లు అతికించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూస్తే కొండ. జల్లించిన రాతిపొడి పట్టాల కింద కంకర. పచ్చరంగు కలిపిన రంపపుపొట్టు అడవి. ఈ పని పాపతో కలిసి చేస్తే ఏడాది సరిపోదు.

ఇంజిన్ మాత్రం ఇప్పుడు వద్దు. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని డిస్కౌంట్‌గా తగ్గించినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. విదేశం నుంచి తెప్పించేదైతే ఇంకా జాగ్రత్త. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. స్కేల్ మోడళ్లూ ఆ పద్దులోకే వస్తాయి. సుంకం, పన్ను, కొరియర్ కలిపి ఇంటికి చేరేసరికి ఎంతో అమ్మేవాళ్లను ముందే రాతపూర్వకంగా అడగండి. రైలు ఖాతాలో నెలకు 3,000 చొప్పున 13 నెలలకు 39,000 అవుతుంది. అప్పుడు నగదుతో కొనండి.

మీ కార్డు బిల్లు తేదీ ఎప్పుడో రాయలేదు. ఏ తేదీ అయినా, దానికి ముందే ఎఫ్‌డీ తీయండి.