ప్రొబేషన్ బాండు షరతు తప్పారా? ముందు ఆ యాభై రూపాయల సంగతి తేల్చండి

ప్రశ్న (ఒడిశా పర్లాకిమిడి నుంచి): పొలం గట్టు గొడవలో తమ్ముడిని కొట్టానని ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం) కింద కేసయ్యింది, కోర్టు జైలుకి పంపకుండా, షరతులు పాటిస్తానని రెండేళ్ల ప్రొబేషన్ బాండు రాయించుకుని వదిలింది. అమ్మకి బాగోక విశాఖ కేజీహెచ్‌లో ఉండిపోయి మూడు నెలలు ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర సంతకం పెట్టలేదు. ఇంతకుముందోసారి ఇలాగే అయితే యాభై రూపాయలు కట్టించుకుని వదిలేశారు. ఇప్పుడు నాకూ, జామీనున్న మా బావమరిదికీ సమన్లొచ్చాయి. గడువు ఇంకో రెండు నెలలే కదా, అప్పటిదాకా సరిహద్దు అవతల ఆంధ్రలో, పాతపట్నంలో అత్తారింట్లో ఉండిపోతే?

జవాబు: మీ ఉత్తరంలో మిగతాదంతా (ఇక్కడ తగ్గించి వేశాం) తమ్ముడి అన్యాయమే. అది తేలిపోయిన కేసు, వదిలేయండి. మీ కేసంతా మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ యాభై రూపాయల మీదే ఉంది.

1958 నాటి ప్రొబేషన్ చట్టం సెక్షన్ 9 ప్రకారం షరతు తప్పడం మొదటిసారైతే కోర్టు యాభై లోపు జరిమానా వేసి బాండు కొనసాగించొచ్చు (ఆ అంకె ఇప్పటికీ అదే, నవ్వకండి). రెండోసారికి ఆ వెసులుబాటు లేదు, తప్పారని తేలితే అసలు నేరానికే శిక్ష. కాబట్టి అప్పుడు కట్టించుకున్నది ఎవరు? కోర్టు ఆర్డరా, లేక ఆఫీసులో ఎవరో కోప్పడి తీసుకున్నారా? రసీదు ఎక్కడ? కోర్టులో పాత ఆర్డర్ షీటుకి (వాయిదా వారీగా కోర్టు ఉత్తర్వులు రాసే కాగితం) సర్టిఫైడ్ కాపీ ఈ వారమే అప్లై చెయ్యండి. అందులో అది లేకపోతే ఇదే మొదటిసారని గట్టిగా వాదించొచ్చు.

పాతపట్నం ఐడియా మాత్రం మర్చిపోండి. ఊరి చివర రాష్ట్రం బోర్డు మారిందని వారెంటు ఆగిపోదు, దేశంలో ఎక్కడైనా అమలవుతుంది, పైగా గడువు ముగిస్తే గడువులో చేసిన తప్పు మాఫీ అని సెక్షన్ 9లో ఎక్కడా లేదు. మీరు మాయమైతే కోర్టు మీ బావమరిది మీద పడుతుంది. వెనక తేదీతో మెడికల్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఎవరైనా అంటే అదింకా ప్రమాదం, ఇప్పుడున్నది చిన్న కేసు, దొంగ సర్టిఫికెట్ పెడితే అది వేరే కేసు.

అసలు కాగితాలు మీ దగ్గరే ఉండాలి కదా: కేజీహెచ్ ఓపీ చీటీ, డిశ్చార్జి సమ్మరీ, టికెట్లు, ఆఫీసర్‌కి చేసిన కాల్స్, వాట్సాప్ మెసేజ్‌లు. ఒక్క ఫోనైనా చేశారా? చేయకపోతే అది మీ నిర్లక్ష్యమే, అమ్మ జబ్బు మీద నెట్టకండి. వెళ్లేముందే ఆయనకి చెప్పుంటే సెక్షన్ 8 కింద షరతు మార్చమని ఆయనే కోర్టుని అడగగలిగేవారు. బాండు కాపీ ఒడియాలో ఉంటే చదివించుకుని ఏ షరతు తప్పారో చూసుకోండి.

వచ్చింది సమన్లే, వారెంటు కాదు. వాయిదా రోజున బావమరిదిని తీసుకుని లాయర్‌తో వెళ్లండి. ఒకవేళ శిక్ష వేసినా 323కి వెయ్యి లోపు జరిమానాతో సరిపెట్టమని అడగొచ్చు, కాకపోతే శిక్ష పడితే సెక్షన్ 12 రక్షణ (దోషిగా తేలడం వల్ల చట్టపరంగా వచ్చే అనర్హతలు అంటవన్నది) పోతుంది, గవర్నమెంటు ఉద్యోగం చేస్తుంటే ఈ మాట మీ లాయర్‌కి ముందే చెప్పండి. సెషన్స్ కోర్టుకి అప్పీలంటే 30 రోజులే, తీర్పు రోజే కాపీకి అప్లికేషన్ పెట్టేయండి.