పచ్చి మాంసం పెడుతున్నాం, కుక్క సగంలోనే పడుకుంటోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మగ బోర్డర్ కోలీ, పేరు మెరుపు. రెండేళ్లు నిండాయి. రోజూ రెండు గంటలకు తగ్గకుండా పరుగు, ఫ్రిస్బీ. వారంలో మూడు సాయంత్రాలు ఎజిలిటీ (అడ్డంకులు దాటే పరుగు) ట్రైనింగ్. ఆరు వారాల కిందట ప్యాకెట్ తిండి మానేసి పచ్చి మాంసానికి మార్చాం. ఒంటి బరువులో మూడు శాతం పెట్టాలని చదివి, 18 కిలోలకి లెక్కేసి, తోలూ ఎముకా తీసిన కోడి మాంసం రోజుకి 540 గ్రాములు పెడుతున్నాం. వారానికి రెండుసార్లు కొంచెం లివర్. మలం చిన్నగా, గట్టిగా వస్తోంది, వాసన తగ్గింది. సన్నబడి చక్కగా కనిపిస్తున్నాడు, ఇప్పుడు 16 కిలోలు. కానీ పది రోజులుగా ట్రైనింగ్ సగంలోనే వెళ్లి నీడలో పడుకుంటున్నాడు. పచ్చి మాంసం తింటే కుక్క క్రూరంగా మారుతుందని మా వదినకి ఒకటే టెన్షన్. ఇంట్లో ఇప్పుడిప్పుడే పాకుతున్న పాప ఉంది. మానేయాలా?

జవాబు: ముందు మెరుపు పడుకోవడం సంగతి చూద్దాం, వదినగారి సంగతి తర్వాత.

తోలు తీసిన కోడి మాంసం 100 గ్రాములు ఇచ్చే శక్తి సుమారు 110 నుంచి 120 కిలో కేలరీలు. అంటే 540 గ్రాములకి 600 చిల్లర. 18 కిలోల కుక్క ఏ పనీ చెయ్యకుండా, ఊపిరి తీసుకుంటూ ఉండటానికే రోజుకి దాదాపు 610 కావాలి. చూశారా? మీరు కొలిచి మరీ పడుకునే కుక్క తిండి పెట్టారు, వాడు పడుకున్నాడు. మెరుపు చేసే పనికి దీనికి రెట్టింపు, 1,200 దాకా ఉండాలి. రోజంతా కొండల మీద మందని తోలే కుక్కలకి ఇంకా ఎక్కువ.

ఆ మూడు శాతం లెక్క గిన్నెలో పడే బరువునే చూస్తుంది, అందులోని శక్తిని చూడదు. కొవ్వు గ్రాముకి ఇచ్చే శక్తి ప్రోటీన్ ఇచ్చే దానికి రెట్టింపు పైనే. గంటల తరబడి పరిగెత్తే కుక్క ప్రధానంగా ఆ కొవ్వునే కరిగించి పరిగెడుతుంది. మీరేమో తోలు తీసేసి, దాంతోపాటే వాడి ఇంధనాన్నీ తీసేశారు. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా కొవ్వు కుమ్మరించకండి. పాంక్రియాస్ వాచి ఆస్పత్రిలో తేలతారు.

ఆరు వారాల్లో రెండు కిలోలు అంటే ఒంట్లో తొమ్మిదో వంతు పోయినట్టు. ఈ జాతి బొచ్చు కింద ఎంత చిక్కినా బయటికి కనపడదు, స్నానం చేయించినప్పుడు గానీ తెలియదు. ఇప్పుడే మీ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, వేళ్ల గణుపుల మీద కుడి చేతి వేళ్లతో నిమరండి. తర్వాత ఆ చెయ్యి చాపి, అరచేతి వెనక వైపు నిమరండి. మెరుపు పక్కటెముకలు చాపిన చేతి వెనక వైపులా తగలాలి. గణుపుల్లా తగిలితే వాడు బక్కచిక్కినట్టే. నా అంచనా అయితే గణుపులే.

ఒక్క జాగ్రత్త. పడుకోవడానికి ముందు వెనక కాళ్లు తూలడం, చూపు మత్తుగా ఉండటం గమనించారా? బోర్డర్ కోలీలలో ఐదు నుంచి పదిహేను నిమిషాల తీవ్రమైన పరుగు తర్వాత అలా కూలబడే జబ్బు ఒకటుంది. కాసేపటికి కుక్కలు మామూలైపోతాయి, అందుకే ఇంట్లోవాళ్లు పట్టించుకోరు. అలాంటిది కనిపిస్తే వెంటనే ఆట ఆపి, ఫోన్‌లో వీడియో తీసి మీ డాక్టర్‌కి చూపించండి. అది లేకపోయినా, బరువు ఇంత తగ్గింది కాబట్టి ఒకసారి ఒళ్లంతా పరీక్ష చేయించడం మంచిది.

ఇక కంటికి కనపడని లోటు కాల్షియం. ఎముక లేని కోడి మాంసం 100 గ్రాముల్లో ఫాస్ఫరస్ 200 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటే, కాల్షియం పదో పన్నెండో. కుక్క తిండిలో కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా, రెట్టింపుకి మించకుండా ఉండాలి. గిన్నెలో లేనప్పుడు ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. అందుకే రక్త పరీక్షలో కాల్షియం చాలాకాలం మామూలుగానే కనిపిస్తుంది, మనం మోసపోతాం. పెద్ద కుక్క నెలల తరబడి తట్టుకుంటుంది గానీ పిల్ల కుక్క తట్టుకోలేదు. నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో మాంసం తప్ప ఇంకేమీ పెట్టని నాలుగు నెలల కూనని తీసుకొచ్చారు. సోఫా మీంచి దూకితే కాలు విరిగిందన్నారు. ఎక్స్‌రేలో ఎముక, చుట్టూ ఉన్న కండ దాదాపు ఒకే రంగులో కనిపించాయి. ఆ ఫిల్మ్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఎముక ఎక్కడుందా అని వెతుక్కున్నాను.

మీరు చూసి మురిసిపోతున్న చిన్న మలం నిజమే, కానీ దానికి కారణం మాంసం బాగా అరిగిపోవడం. తిండి సంపూర్ణమని అది రుజువు చెయ్యదు. జింక్, అయోడిన్, విటమిన్ ఇ, విటమిన్ డి లాంటివి కూడా మీ గిన్నెలో చాలవు. లివర్ పెంచితే అన్నీ వస్తాయనుకోకండి, అతిగా పెడితే విటమిన్ ఎ విషమవుతుంది.

వదినగారి భయానికి రెండు వేల ఏళ్ల వంశం ఉంది. చచ్చిన గొర్రె మాంసం కుక్కలకి తిననివ్వొద్దు, రుచి మరిగితే మందనే వదలవు అని రోమన్ పండితుడు వర్రో ఆ కాలంలోనే రాశాడు. ఆయన చెప్పిన తిండి పాలలో నానబెట్టిన బార్లీ రొట్టె! పచ్చి మాంసమే పూర్వీకుల తిండి అనేవాళ్లకి నేనీ మాట చెబుతుంటాను. అసలు కుక్క తోడేలు నుంచి విడిపోయాక పిండి పదార్థాన్ని అరిగించుకునే జన్యువు కాపీలు బాగా పెంచుకుందని 2013లో తేలింది. మాంసం పచ్చిదైనంత మాత్రాన కుక్క క్రూరంగా మారదు. కాకపోతే ఇష్టమైన గిన్నె దగ్గరికి ఎవరైనా వస్తే గుర్రుమనే కుక్కలుంటాయి. పాకే పాప ఆ గిన్నె దగ్గరికి వెళ్లకుండా చూసుకోవాల్సింది అందుకే.

పాప గురించి అయితే నేను వదినగారి పక్షమే, కారణం మాత్రం వేరు. నెదర్లాండ్స్‌లో 35 రకాల ఫ్రోజెన్ పచ్చి మాంసం ఉత్పత్తుల్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 7 ఉత్పత్తుల్లో సాల్మొనెల్లా, 19 ఉత్పత్తుల్లో లిస్టీరియా దొరికాయి. ఫ్రీజర్ ఈ క్రిములని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. మెరుపుకి ఏమీ కాకపోవచ్చు, కానీ వాడి మలంలో, మూతిలో అవి ఉంటాయి. వాడు మూతి తుడుచుకున్న తివాచీ మీదే పాప పాకుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. ఇంట్లో పసిపిల్ల లేకపోతే నేనింత గట్టిగా చెప్పేదాన్ని కాదేమో. ఇప్పుడు మాత్రం పచ్చిది మానేయండి.

చురుకైన కుక్కలకి చేసిన సంపూర్ణాహారానికి ఏడు నుంచి పది రోజుల్లో మెల్లగా మళ్లించండి. మాంసం ముచ్చట తీరాలంటే ఉడికించి, రోజు మొత్తం కేలరీల్లో పదో వంతుకి మించకుండా పైన వెయ్యండి. పచ్చిగా తూస్తే అది సుమారు 100 గ్రాములు. మొత్తం ఇంట్లోనే వండి పెడతామంటే పశు పోషకాహార నిపుణుల చేత వాడి బరువుకి, పనికి తగ్గట్టు లెక్క రాయించుకోండి. రాసింది రాసినట్టు త్రాసులో తూచి పెట్టండి. ట్రైనింగ్‌కి మూడు గంటల ముందే గిన్నె తీసెయ్యండి, నిండు పొట్టతో గెంతనివ్వకండి.

ప్రశ్న: మా గొర్రెల మందతో రెండు ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు పనిచేస్తాయి. గొర్రెని కోసినప్పుడు కార్జం, ఊపిరితిత్తులు వాటికి పచ్చిగానే వేస్తాం. ఈసారి కార్జంలో నీటి తిత్తులు కనిపించాయి. కోసేసి మిగతాది వెయ్యొచ్చా?

జవాబు: వద్దు, మిగతాది కూడా వద్దు. అవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. ఒక్కో తిత్తిలో బద్దెపురుగు తలలు వేలల్లో ఉంటాయి. మీ కంటికి కనిపించినవాటి పక్కన కనిపించనివీ ఉంటాయి. కుక్క పేగులో ఆ పురుగు పెరిగినా 3 నుంచి 6 మిల్లీమీటర్లే, కాబట్టి మలంలో చూసి పట్టుకోలేరు. దాని గుడ్లు కుక్క బొచ్చుకి అంటుకుంటాయి, మీరు నిమిరిన చేత్తో అన్నం తింటే మీ కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో అదే తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. గొర్రెలు కాసే కుక్కకి పచ్చి తిండితో ఉన్న అసలు ప్రమాదం ఇదే. బోన్‌లెస్ కోడి గురించి ఉత్తరాలు బోలెడొస్తాయి, దీని గురించి రాసింది మీరొక్కరే.

న్యూజిలాండ్ 1959లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చి, పచ్చి పేగులు, కార్జాలు కుక్కలకి వెయ్యడం ఆపించి, కుక్కలకి క్రమం తప్పకుండా మందు వేయించి, 2002 నాటికి ఈ జబ్బుని దాదాపు తుడిచిపెట్టింది. మీరు చెయ్యాల్సింది కూడా అదే. లోపలి భాగాలు వేస్తే అరగంటకు తగ్గకుండా మరిగించి వెయ్యండి, లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. గొర్రె మాంసానికి అక్కడ ఇంకో సూచన ఉంది: ఉడికించాలి, లేదా మైనస్ 10 డిగ్రీల్లో పది రోజులు ఉంచాలి. కుక్కలకి బద్దెపురుగుని చంపే ప్రాజిక్వాంటెల్ మందు ఆరు వారాలకొకసారి వేయించండి. పురుగు గుడ్లు పెట్టడానికి పట్టే కాలం కూడా దాదాపు అంతే.

గొర్రెలకి తాగించే ఐవర్‌మెక్టిన్ మిగిలింది కదా అని కుక్కకి మాత్రం పట్టకండి. అది బద్దెపురుగుని చంపదు సరికదా, మీ ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతిలో దాదాపు సగం కుక్కలకి ఉండే ఒక జన్యులోపం వల్ల ఎక్కువ మోతాదు నేరుగా మెదడుకెక్కుతుంది. మందు వేసిన పశువుల పేడ తిన్నా ప్రమాదమే.

ప్రశ్న: పళ్లు శుభ్రపడాలంటే ఎముక వేయమంటున్నారు. పచ్చిదా, ఉడికించినదా?

జవాబు: ఉడికించినది ఎప్పుడూ వద్దు, పెళుసై పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. పచ్చిదైతే ఫరవాలేదని నేనూ అనుకున్నాను. మా చుక్క కూడా బోర్డర్ కోలీయే. దానికోసారి పెద్ద పశువు తొడ ఎముక ఇచ్చి, పక్క గదిలో పని చేసుకుంటున్నాను. ఠక్కుమని చప్పుడైంది. ఎముక విరిగిందనుకున్నాను. నోరు తెరిచి చూస్తే పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్ను నిలువునా చెక్కలా లేచి ఉంది, లోపల గులాబీ రంగు చుక్క. పన్ను తీయించాల్సి వచ్చింది, డాక్టర్‌నై ఉండి కూడా. అప్పటినుంచి దానికి ఏది ఇచ్చినా ముందు నా బొటనవేలి గోరుతో నొక్కి చూస్తాను. సొట్ట పడకపోతే ఇవ్వను. పళ్లకి మాత్రం బ్రష్షే.