బొలెరో వెనక క్యాంపర్ ట్రైలర్: బ్రేకులు ఎంత పట్టేలా పెట్టాలి?

1,200 కిలోల క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని తిరుపతి నుంచి హార్స్‌లీ హిల్స్ వెళ్తున్నామని, కంట్రోలర్‌లో (ట్రైలర్ బ్రేకులకు బొలెరో నుంచి కరెంటు పంపే డబ్బా) గెయిన్, అంటే ఆ కరెంటు మోతాదు, ఎంత పెట్టాలని అడిగారు. అంకె చెప్పడం తేలికే గానీ, నా బండికి కుదిరింది మీ బండికి కుదరదన్నా. బరువు, డ్రమ్ములో షూల గ్యాపు, వైరింగు బట్టి అది మారిపోతుంది.

మాదీ ఎలక్ట్రిక్ బ్రేకులే. కంట్రోలర్ డల్లాస్‌లో ఉండే మా బావ సూట్‌కేసులో తెచ్చాడు (వెళ్లేటప్పుడు ఆ ఖాళీలో ఆవకాయ పట్టుకెళ్లాడు). లోకల్‌గా ఫిట్ చేయించి, బైపాస్ మీద రెండు రౌండ్లు కొట్టి, బ్రేకు పడుతోంది కదా అనుకున్నాను. పలమనేరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దిగేసరికి బొలెరో బ్రేకుల నుంచి మాడు వాసన, పెడల్ మెత్తబడింది. కింద టీ అంగడి దగ్గర ఆపి ట్రైలర్ హబ్‌ల (చక్రాల నడిమి భాగం) దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఎడమది సెగ కొడుతోంది, కుడిది చల్లగా ఉంది. అంటే ఘాట్ మొత్తం ట్రైలర్‌కు ఒక్క చక్రం బ్రేకుతోనే దిగాం. విప్పితే ఏముంది, కుడివైపు బ్రేకు మ్యాగ్నెట్ ఎర్త్ వైరును పెయింటు మీదే బోల్టు వేసి బిగించారు, పెయింటు అడ్డుపడి కరెంటు పారలేదు. ఇనుము కనబడేదాకా గీకి మళ్లీ బిగిస్తే సరిపోయింది.

అందుకే గెయిన్ జోలికి పోకముందు రెండు చక్రాలూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. డ్రమ్ములోని మ్యాగ్నెట్‌కు 12 వోల్టుల కరెంటు అందితే అది డ్రమ్ముకు అతుక్కుని లివర్‌ను లాగుతుంది, దాంతో షూలు విచ్చుకుంటాయి. మామూలు దిక్సూచి ఒకటి డ్రమ్ము దగ్గర పెట్టి, లోపల ఎవరినైనా కంట్రోలర్ చేతి మీట నొక్కమనండి. ముల్లు కదిలితే కరెంటు అందుతున్నట్టే.

తర్వాత షూల గ్యాపు. జాకీ ఎత్తి, ముందుకు తిరిగే దిక్కులో చక్రం తిప్పుతూ, వెనక ప్లేటు కంతలోంచి స్టార్ వీల్‌ను (షూల గ్యాపు సర్దే పళ్ల చక్రం) బిగించండి. చక్రం తిరగడం కష్టమయ్యాక, షూ సన్నగా రాసుకునేదాకా వదులు చేయండి. ఆటో అడ్జస్ట్ ఉన్న బ్రేకులైతే మాన్యువల్ చూసి చేయండి. కొత్త షూలు కుదురుకునేదాకా పట్టు మారుతూనే ఉంటుంది, కొన్ని వందల కిలోమీటర్లయ్యాక మళ్లీ చూడాలి.

ఇప్పుడు గెయిన్. సామాన్లన్నీ సర్దుకుని, నీళ్ల ట్యాంకు నింపాకే చేయండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోల బరువు మరి. పొడిగా, సమంగా ఉన్న ఖాళీ రోడ్డులో 40 స్పీడులో పోతూ, కాలు బ్రేకు మీద పెట్టకుండా చేతి మీట మాత్రం పూర్తిగా నొక్కండి. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు ఉండాలి. లాగడం లేదంటే కొంచెం పెంచండి. చక్రాలు బిగుసుకుని టైర్లు కీచుమంటే తగ్గించండి. బిగుసుకునే చోటికి కొంచెం కింద ఆపితే అదే మీ అంకె. వాన పడితే ఇంకొంచెం తగ్గించాలి. ట్యాంకు ఖాళీ అయినా అంతే.

కొండ దిగేటప్పుడు గెయిన్‌ను నమ్ముకోవద్దు. ముందే సెకండ్ గేరులో వేసుకుని ఇంజిన్‌తో దించండి. బ్రేకు తొక్కి వదలండి, దాని మీదే కాలు ఉంచేస్తే ఎంత బాగా సెట్ చేసినా డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. తిరుగు ప్రయాణంలో భాకరాపేట ఘాట్ దిగాక ఒకసారి ఆపి, రెండు హబ్‌ల వేడి పోల్చి చూడండి. ముట్టుకోవద్దు, చెయ్యి దగ్గరగా పెడితే చాలు.

బ్రేక్‌అవే పిన్ను (ట్రైలర్ తెగిపోతే ఊడొచ్చి, ట్రైలర్ బ్యాటరీతో దాని బ్రేకులు పట్టించేది) తాడును మాత్రం సేఫ్టీ గొలుసుకు కట్టకండి, బొలెరో ఛాసిస్‌కే విడిగా కట్టండి. బయల్దేరే ముందు ఆ పిన్ను ఒకసారి పీకి, బండిని మెల్లగా ముందుకు లాగి చూడండి. ట్రైలర్ చక్రాలు కదలకూడదు. కదిలాయంటే ముందు ట్రైలర్ బ్యాటరీ ఛార్జింగ్ చూడండి. పరీక్ష అయిపోగానే పిన్ను తిరిగి పెట్టేయండి, మా తమ్ముడు మర్చిపోయి బ్యాటరీ మొత్తం దించేశాడు.