పాత పికప్ కొనేముందు

చి॥ చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి పెద్దవి చేసుకుని చూశాను. 1962 ఫోర్డ్ ఎఫ్-100. రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు క్యాబిన్ వెనక గోడకీ బెడ్‌కీ, అంటే సామాను వేసే వెనక తొట్టికీ, మధ్య సందు ఉందేమో చూడు. నాకైతే కనబడలేదు. అంటే అది యూనిబాడీ. దాని కథ తెలియకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

మామూలు పికప్‌లో క్యాబిన్ వేరు, బెడ్ వేరు. రెండూ కింద ఫ్రేమ్ మీద విడివిడిగా కూర్చుంటాయి. గతుకుల్లో ఫ్రేమ్ కాస్త మెలితిరిగినా ఆ సందు దాన్ని ఓర్చుకుంటుంది. 1961 మోడల్‌కి ఫోర్డ్ వాళ్లు ఆ సందు తీసేసి రెండింటినీ కలిపి వెల్డింగ్ చేశారు. అతుకులు తగ్గాయి, ఖర్చు తగ్గింది, పక్కనుంచి చూస్తే బండి కారంత నున్నగా ఉంటుంది. పేరుకి యూనిబాడీయే గానీ కింద విడి ఫ్రేమ్ అలాగే ఉంది. అది మెలితిరిగితే ఆ మెలిక బాడీ మొత్తానికీ పాకి తలుపుల దగ్గర తేలుతుంది. బరువెక్కువేస్తే తలుపులు బిగుసుకుపోతాయని అది నడిపినవాళ్లు చెప్పుకునేది అందుకే. ఫోర్-వీల్ డ్రైవ్ బండ్లకి ఆ బాడీ పెట్టలేదు. 1963తో మొత్తానికే మానేశారు.

మధ్యలో విడి బెడ్ మళ్లీ ఇచ్చారు. అయితే ఈ క్యాబిన్‌కి సరిపడే కొత్త బెడ్ 1964లో గానీ రాలేదు. అందాకా 1957-60 నాటి బెడ్‌నే తగిలించారు. క్యాబిన్ మీది గీత ఒక ఎత్తులో, బెడ్ మీది గీత ఇంకో ఎత్తులో ఉంటాయి. దాన్ని ‘రాంగ్ బెడ్’ అంటారు. అలాంటిది కనబడితే యాక్సిడెంట్ బండి అనుకుని వదిలేయకు, ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. సామాను మోయడానికైతే నేను దాన్నే కొంటాను. కానీ నీ మనసు యూనిబాడీ మీద ఉందని నాకు తెలుసు. నిజంగానే అందమైన బండి అది.

కాబట్టి పరీక్ష చేద్దాం. చదును నేల మీద రెండు తలుపులూ తీసి వేసి చూడు. తర్వాత ఒక వెనక చక్రాన్ని మందపాటి చెక్క మీదికి ఎక్కించి మళ్లీ వెయ్యి. చప్పుడు మారితే, తలుపు అంచు రాసుకుంటే, క్యాబిన్ బెడ్‌తో కలిసే మూల దగ్గర కూర్చుని వేలితో తడుము. సన్నటి పగులు ఉంటే రంగు కింద కూడా తెలుస్తుంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లు. అది అంటుకోని చోట రేకు బదులు లప్పం ఉన్నట్టు. ఈ బాడీలో బెడ్ పాడైతే బోల్టులు విప్పి ఇంకోటి పెట్టుకోలేం, తుప్పు పట్టినంత మేరా కోసి అతకాల్సిందే. ధర మాట్లాడేటప్పుడు ఇది మర్చిపోకు.

సీటు వెనక వాసన కూడా చూడు. పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, నీ వీపు వెనకే ఉంటుంది. ఆ రోజుల్లో షెవర్లే వాళ్లూ అక్కడే పెట్టేవాళ్లు. అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చుంటే వాసన తెలిసిపోతుంది. వాసనొస్తే గొట్టం, రబ్బరు మార్చకుండా పిల్లల్ని ఎక్కించొద్దు.

షెవర్లే స్టెప్‌సైడ్ కూడా చూస్తున్నానన్నావు. దాని బెడ్ అడుగు చెక్క పలకలు, వాటిని నొక్కిపట్టే ఇనుప పట్టీలు. నా దానికి నేనే పలకలు మార్చాను, సందు లేకుండా బిగించేశాను. హ్యూస్టన్ వానలకి చెక్క ఉబ్బి నడుం పైకెత్తింది. పట్టీ కింద కాస్త చోటు వదలాలని అప్పుడు తెలిసింది. చక్రాలు బెడ్ బయట ఉంటాయి కాబట్టి లోపల నేలంతా చదునుగా దొరుకుతుంది, దాని సుఖం దానిదే.

శనివారం ఆ అమ్మేవాయన్ని పొద్దున్నే రమ్మను. కాంక్రీట్ బస్తాలు ఆరు నా గరాజ్‌లో ఉన్నాయి, తెస్తాను. బెడ్‌లో వేసి తలుపులు ఇంకోసారి చూద్దాం. అక్కయ్యకి మాత్రం ఇప్పుడే చెప్పకు, టెన్షన్ పడుతుంది.

మావయ్య