నెల చెప్పండి, దీవి చెబుతాం

జంటగా వేడి దేశాల సముద్ర తీరాలకు వెళ్లాలనుకుంటున్న పాఠకుల ప్రశ్నలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. అందరికీ పనికొచ్చే ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: జులై ఆఖరి వారంలో మా ఇద్దరికీ సెలవు కుదిరింది. ఆయన ఫుకెట్ అంటారు, నేను మాల్దీవులు అంటాను, స్నేహితులు బాలి అంటున్నారు. నెల రోజులుగా ఇదే తగువు. కాస్త తేల్చి చెప్పండి.

జవాబు: జులై అన్నారు కాబట్టి స్నేహితుల మాటే నెగ్గుతుంది. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన 8 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి వాతావరణం, నవంబరు నుంచి మార్చి దాకా వానలు. ఫుకెట్ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. థాయ్‌లాండ్ పడమటి ఒడ్డున ఉండటంతో మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాలు నేరుగా దానికే తగులుతాయి. వానదేముంది, గంటో రెండు గంటలో కురిసి వెలిసిపోతుంది. చిక్కల్లా అలలతోనే. ఒడ్డున ఎర్ర జెండా పాతి ఉంటే నీళ్లలోకి దిగకూడదు, ఆ నెలల్లో అలాంటి రోజులు ఎక్కువ. దగ్గర్లోని సిమిలాన్ దీవులనైతే మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఏటా మూసేస్తారు. ఆ నెలల్లో ఫుకెట్‌లో గదులు చవగ్గా దొరకడానికి కారణం ఇదే.

మీవారు థాయ్‌లాండ్ దగ్గరే పట్టుబడితే కో సముయి చూడండి. అది తూర్పు వైపు, థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉంది. జులైలో అక్కడ సముద్రం బాగానే ఉంటుంది. దానికి గడ్డుకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అందులోనూ నవంబరు మరీ అన్యాయం. శ్రీలంకదీ ఇదే లెక్క. పడమర, దక్షిణ తీరాల్లోని బెంటోటా, మిరిస్సా వైపు డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. ట్రింకోమలీ, పాసికుడా ఉన్న తూర్పు ఒడ్డుకు మే నుంచి సెప్టెంబరు మంచిది. అందుకే దేశం పేరు చెప్పి ‘అక్కడ సీజన్ ఎప్పుడు’ అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఏ ఒడ్డుకో కూడా చెప్పాలి.

ఇక మాల్దీవులు. కదలని నీలి నీళ్లే మీ కోరికైతే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లాలి. జులైలో గాలివానలు వచ్చిపోతుంటాయి, మబ్బు పడితే నీళ్ల రంగూ మారిపోతుంది. అయితే ఈ కాలానికీ ఒక ఆకర్షణ ఉంది. బా అటోల్ అనే పగడపు దీవుల గుంపులోని హనీఫారు బేకి మాంటా రే చేపలు మేతకు వచ్చేది మే నుంచి నవంబరు మధ్యే. అక్కడ డైవింగ్‌కి అనుమతి లేదు, స్నార్కెలింగ్ చేస్తూ, అంటే ముఖం నీళ్లలో ముంచి గొట్టంతో ఊపిరి తీస్తూ, పై నుంచి చూడాల్సిందే.

బాలి విషయంలో ఒక హెచ్చరిక. మాల్దీవుల్లాంటి తెల్లని ఇసుకను ఊహించుకుని వెళ్తే నిరాశ తప్పదు. కుటా, సెమిన్యాక్, చంగూ ఒడ్లు సర్ఫింగ్ చేసేవాళ్లవి. అక్కడ అలతో పాటు మనిషిని లోపలికి లాగేసే ప్రవాహాలూ ఉంటాయి. నింపాదిగా ఈదాలంటే పగడపు దిబ్బ అడ్డుగా ఉన్న సనూర్, నూసా దువా నయం. బాలి అసలు అందం సముద్రంలో కన్నా నేల మీదే ఎక్కువ. కాబట్టి మూడు రాత్రులు ఉబుద్ వైపు కొండల్లో, మిగిలినవి సనూర్‌లో గడపండి. సనూర్ నుంచి నూసా లెంబోంగాన్‌కి స్పీడ్‌బోటులో అరగంట ప్రయాణం. జులైలో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి లేస్తుంది కాబట్టి పొద్దుటి బోటే ఎక్కండి. జులై, ఆగస్టుల్లో రద్దీ విపరీతం, గది ఇప్పుడే పట్టుకోండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో చూసిన ఫొటోల్లో గది ముందే సముద్రం. వెళ్లొచ్చిన వాళ్లేమో పొద్దున లేచి చూస్తే నీళ్లే లేవన్నారు. జాంజిబార్‌కి టికెట్లు కొనాలా, మానాలా?

జవాబు: కొనండి, కానీ ఒడ్డు చూసుకుని కొనండి. వాళ్లు చెప్పింది నిజమే. తూర్పు ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో ఆటుకీ పోటుకీ మధ్య తేడా పెద్ద రోజుల్లో 4 మీటర్ల దాకా వస్తుంది. తూర్పు ఒడ్డున పాజే, జంబియానీల దగ్గర నేల బల్లపరుపుగా ఉండి, పగడపు దిబ్బ చాలా దూరాన ఉంది. ఆటు సమయంలో నీరు అంతదూరం వెళ్లిపోతుంది. మళ్లీ నడుము లోతు రావాలంటే గంటలు ఆగాలి. ఉత్తరాన ఉన్న నుంగ్వీ, కెండ్వాల దగ్గర నేల త్వరగా లోతవుతుంది కాబట్టి ఎప్పుడైనా ఈదొచ్చు. హోటళ్ల ఫొటోలన్నీ పోటు మీద తీసినవే ఉంటాయి, అది ఎక్కడైనా అంతే.

గది ఖాయం చేసే ముందు మూడు పనులు చేయండి. మొదటిది, ఉపగ్రహ పటంలో హోటల్‌ని వెతికి, ఎదురుగా అలలు విరిగే తెల్లని గీత ఎంత దూరంలో ఉందో కొలవండి. ఆ దూరం వందల మీటర్లుండి, ఆటుపోట్ల తేడా 2 మీటర్లు దాటితే రోజులో సగం ఈత ఉండదనుకోండి. రెండోది, మీ తేదీలకు ఆటుపోట్ల పట్టిక తీయండి. అమావాస్య, పౌర్ణమి అయిన ఒకటి రెండు రోజులకు తేడా అన్నిటికన్నా ఎక్కువ, అష్టమి దరిదాపుల్లో తక్కువ. పోటు సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంటుంది. మూడోది, అతిథులు పెట్టిన ఫొటోల్లో మీరు వెళ్లే నెలలో తీసినవి మాత్రమే చూడండి.

ఈ మూడో పనిని చాలామంది వదిలేస్తారు. హిందూ మహాసముద్రంలోని సేషెల్స్ దీవుల్లో మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలులు వీచి, ఆ దిక్కుకు తెరుచుకున్న ఒడ్ల మీదికి సముద్రపు నాచు కుప్పలుగా చేరుతుంది. అప్పుడు మాహే దీవిలో బో వాలోన్, ప్రాలిన్‌లో ఆన్స్ లాజియో లాంటి గాలి తగలని చోట్లు ఎంచుకోవాలి. నాచు చేరే ఆ ఒడ్లే ఏప్రిల్లో అద్దంలా ఉంటాయి. లా దీగ్ దీవిలోని ఆన్స్ సోర్స్ దార్జాన్ రాళ్ల మధ్య ఫొటోలకు ఎంత గొప్పదో, ఈతకు అంత నిస్సారం. నీళ్లు మోకాలి లోతే, పోటు మీద కాస్త నయం. మాల్దీవులకు వెళ్లేవాళ్లకు ఈ బెంగే లేదు, అక్కడ తేడా సుమారు ఒక మీటరే.

అన్నట్టు, పాజేలో ఆటు సమయాన్ని వృథా అనుకోకండి. నీరు తీసిన నేల మీద అక్కడి ఆడవాళ్లు కర్రలు పాతి, తాళ్లు కట్టి సముద్రపు నాచు సాగు చేస్తుంటారు. నడిచి వెళ్లి చూడొచ్చు. ముళ్ల జీవులు ఉంటాయి, చెప్పుల్లేకుండా వెళ్లొద్దు.

ప్రశ్న: మాల్దీవుల రిసార్టు ధర మొదట ఒకలా, చివరికి ఇంకోలా కనిపిస్తోంది. ఎక్కడ పెరుగుతోంది?

జవాబు: గది బిల్లులో మూడు చోట్ల. మొదట 10 శాతం సర్వీస్ ఛార్జి, దాన్ని కలిపిన మొత్తం మీద 17 శాతం పర్యాటక పన్ను (2025 జులై నుంచి ఈ రేటు). అంటే 100 అనుకున్నది 128.70 అవుతుంది. దానిపైన రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే సర్వీస్ ఛార్జి, పన్ను కలపలేదని అర్థం.

అసలు దెబ్బ రాజధాని మాలే నుంచి రిసార్టుకు చేరే ప్రయాణంలో తగులుతుంది. నీటి మీద దిగే చిన్న విమానం, అదే సీప్లేన్, పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటి దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకడం కష్టం. రాత్రి మాలే దగ్గర గది తీసుకోవాలి, రిసార్టులో ఒక రాత్రి డబ్బు గాలికి పోతుంది. తిరుగు విమానం తెల్లవారుజామునైతే అటూ అదే తిప్పలు. పెట్టెలు 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు దాటితే అదనం కట్టాలి. మీ విమానం రాత్రి దిగేదైతే స్పీడ్‌బోటులో చేరగలిగే రిసార్టే చూసుకోండి. గది ధర కాస్త ఎక్కువైనా లెక్కలో కలిసొస్తుంది. రిసార్టు ఉన్న దీవిలో వేరే హోటలంటూ ఉండదు కాబట్టి భోజనాలు కలిసిన ప్యాకేజీ తీసుకోవడమే మేలు.

మాఫుషి లాంటి జనం నివసించే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు చాలా తక్కువలో దొరుకుతాయి, 50 గదుల్లోపు వాటిలో గ్రీన్ ట్యాక్సూ సగమే. అయితే అక్కడ మద్యం దొరకదు, ఈత దుస్తులకు ప్రత్యేకించిన ఒడ్డు ఉంటుంది. ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు శుక్రవారం నడవవు. ఎక్కడ దిగినా ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు మాల్దీవుల ప్రభుత్వ వెబ్‌సైటు ఇముగాలో వివరాలు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్లు నకిలీవి.

ప్రశ్న: మావారికి డైవింగ్ పిచ్చి. నాకు ఈతే రాదు. ఇద్దరికీ సరిపడే చోటుందా?

జవాబు: ఉంది. ఇసుక నేల మెల్లగా లోతయ్యే లగూన్ (పగడపు దిబ్బ లోపలి నిశ్చలమైన నీరు) ఒక పక్క, ఒడ్డుకు దగ్గర్లోనే హౌస్ రీఫ్ (రిసార్టు ముందరి పగడపు దిబ్బ) ఇంకో పక్క ఉన్న దీవి వెతకండి. నీటి మీద కట్టిన విల్లా జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. దాని నిచ్చెన చాలా చోట్ల తల మునిగే లోతులోకి దిగుతుంది. దీవుల మధ్య సందుల్లో ప్రవాహం కూడా బలంగా ఉంటుంది. ‘నిచ్చెన కింద పోటు మీద ఎంత లోతు?’ అని రిసార్టుకు రాసి అడగండి. జవాబు నాన్చితే ఒడ్డు మీది గది తీసుకోండి.

ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేయొచ్చు. ముందు నడుము లోతులో నిలబడి, ముఖం మాత్రం ముంచి, నోటితో ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. ముఖానికి పెట్టుకునే మాస్కు అంచులో ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీళ్లు కారతాయి, కంగారుపడేది అక్కడే. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. ఆ ప్రాంతాల్లో మధ్యాహ్నం ఎండ తీవ్రతను చెప్పే అతినీలలోహిత సూచీ 11 దాటడం మామూలే. బోర్లా తేలేవాళ్లకు ముందుగా కాలేది మోకాళ్ల వెనకే.

మీవారు గుర్తుంచుకోవాల్సింది విమానం సంగతి. రోజూ డైవింగ్ చేస్తే చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఆదివారం ఉదయం 10కి విమానమైతే శనివారం సాయంత్రం 4కల్లా నీళ్లలోంచి బయటికి రావాలి. సీప్లేన్ కూడా విమానమే.

ప్రశ్న: ఐదో నెల. బిడ్డ పుట్టే లోపు ఇద్దరం ఒకసారి తిరిగి రావాలని ఉంది. ఎటు వెళ్లొచ్చు?

జవాబు: డాక్టర్ సరేనంటే ప్రయాణానికి ఇది అనువైన సమయమే. అయితే వాతావరణం కన్నా ముందు దోమను చూడాలి. కడుపులోని బిడ్డకు హాని చేసే జికా వైరస్ ఉన్న చోట్లు, మలేరియా ఉన్న చోట్లు పక్కన పెట్టండి. అంటే జాంజిబార్ వద్దు. మాల్దీవులను 2015లో, శ్రీలంకను 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశాలుగా ధ్రువీకరించింది. జికా పరిస్థితి మారుతుంటుంది కాబట్టి టికెట్టు కొనే రోజున తాజా జాబితా చూసి, డాక్టర్‌కి చూపించండి. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. దోమలను తరిమే డీట్ అనే మందు ఉన్న క్రీము గర్భిణులూ వాడొచ్చు. ముందు సన్‌స్క్రీన్ రాసి, ఆరాక దీన్ని పూయాలి.

స్పీడ్‌బోటులో గంటసేపు ఎగిరిపడే దీవి ఇప్పుడు వద్దు. ఎక్కక తప్పకపోతే వెనక సీట్లో కూర్చోండి, ముందు భాగమే ఎక్కువగా ఎగిరిపడుతుంది. ఆసుపత్రికి రోడ్డు మీద చేరగలిగే పెద్ద దీవి ఎంచుకోండి. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టర్ ఉత్తరం అడుగుతాయి, 36 వారాల తర్వాత ఎక్కనివ్వవు. కవలలైతే ఆ గడువు 32 వారాలే. తిరుగు ప్రయాణం నాటికి ఎన్ని వారాలవుతాయో లెక్కేసుకోండి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు గర్భానికి ఎన్ని వారాల దాకా వర్తిస్తుందో, నెలలు నిండకుండా పుడితే బిడ్డ ఖర్చు ఇస్తారో లేదో పాలసీ కాగితంలో చూశాకే డబ్బు కట్టండి.