సూపర్‌హీరో కామిక్స్ మనసును కదిలించగలవా?

సూపర్‌హీరో కామిక్స్‌లో కొట్లాటలు తప్ప మనసును కదిలించే కథలు కూడా ఉంటాయా అని అడిగారు. ఉంటాయి. నాకు ఆ సంగతి తెలిసివచ్చింది మా నాన్నగారు క్యాన్సర్‌తో మంచాన పడిన రోజుల్లో. రాత్రిళ్లు ఆయన పక్కన మేలుకొని కూర్చున్నప్పుడు ఏదో ఒకటి చదవాలి గనుక, జిమ్ స్టార్లిన్ 1982లో రాసి, బొమ్మలు గీసిన ‘ది డెత్ ఆఫ్ కెప్టెన్ మార్వెల్’ తెరిచాను. పేరులోనే మరణం ఉన్న పుస్తకాన్ని ఆ సమయంలో ఎందుకు ఎంచుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అందులో కథానాయకుడి ప్రాణం తీసేది శత్రువు కాదు, క్యాన్సర్. ఎప్పుడో ఒక పోరాటంలో తగిలిన విషవాయువు వల్ల వచ్చిన జబ్బు అది. అతనికి శక్తినిచ్చే చేతి పట్టీలే ఇంతకాలం ఆ జబ్బును అణచి ఉంచాయి, ఇప్పుడు వైద్యం పనిచేయకుండా అడ్డుపడుతున్నవీ అవే. ఇన్ని యంత్రాలు కనిపెట్టిన మేధావులు ఈ జబ్బుకు మందు కనిపెట్టాలని ఇన్నాళ్లూ ఎందుకు అనుకోలేదని అతని మిత్రుడు రిక్ జోన్స్ తోటి వీరులను నిలదీస్తాడు. జీవితమంతా అతనితో పోరాడిన స్క్రల్ అనే గ్రహాంతర జాతివారు సైతం పతకమిచ్చి గౌరవిస్తారు. స్పైడర్‌మాన్ మాత్రం ఆ మంచం పక్కన నిలబడలేక గదిలోంచి బయటికి వెళ్లిపోతాడు.

ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ రోజు సాయంత్రమే, నాన్నగారు గుక్కెడు నీళ్లు మింగడానికి పడుతున్న అవస్థ చూడలేక నేను వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. అది పిరికితనమేనని నన్ను నేను నిందించుకుంటున్న సమయంలో, ఎంతటి శత్రువుకూ వెనుదీయనివాడు కూడా అదే పని చేయడం నాకు కనిపించింది. స్టార్లిన్ తన తండ్రిని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న తర్వాత ఈ కథ రాశాడని ఆపైన తెలుసుకున్నాను. తెలిశాక ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఎంతటి బలవంతుడికైనా ఆ బలం అక్కరకు రాని చోటు ఒకటి ఉంటుంది, మంచి రచయిత తన నాయకుణ్ణి తీసుకువెళ్లి సరిగ్గా అక్కడే నిలబెడతాడు. 1973లో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 121వ సంచికలో జరిగేది అదే. వంతెన మీద నుంచి పడిపోతున్న తన ప్రేయసి గ్వెన్ స్టేసీని స్పైడర్‌మాన్ సాలెదారంతో పట్టుకుంటాడు. ఆమె మెడ దగ్గర ‘స్నాప్’ అన్న చిన్న అక్షరాలు ఉంటాయి. ఆమెను రక్షించాననే నమ్మకంతో అతడు పైకి లాగుతాడు. అదే తెర మీద అయితే ఆ శబ్దం క్షణంలో వినిపించి మాయమైపోతుంది. కాగితం మీద మాత్రం అది కదలకుండా అక్కడే ఉండి, పట్టుకున్న దారమే ప్రాణం తీసిందేమోనన్న అనుమానంతో మనల్ని మళ్లీ మళ్లీ ఆ పేజీకి రప్పిస్తుంది.

చనిపోయిన వీరులు ఎలాగూ తిరిగి వస్తారు కదా, ఇక దుఃఖానికి విలువేముందని కొందరు అంటారు. 1992లో అంత సంచలనంగా మరణించిన సూపర్‌మాన్ మరుసటి ఏడాదే తిరిగి వచ్చాడు గనుక ఆ విమర్శ న్యాయమైనదే. అయితే నేను చెబుతున్న కథల్లో నన్ను పట్టి నిలిపింది మరణం కంటే, దాని ఎదుట నిలబడ్డవారి ప్రవర్తన.

మీరు చదవడం మొదలుపెట్టదలచుకుంటే, 1984 జనవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 248వ సంచికలో, రోజర్ స్టెర్న్ రాయగా రాన్ ఫ్రెంజ్ బొమ్మలు గీసిన చిన్న కథను ముందుగా చదవండి. స్పైడర్‌మాన్ గురించి వచ్చిన వార్తల కత్తిరింపులన్నీ దాచుకున్న ఒక పిల్లవాడి గదికి స్పైడర్‌మానే రాత్రిపూట వెళ్లి కబుర్లు చెబుతాడు, కథంతా అంతే. మీరెవరని ఆ పిల్లవాడు అడిగినప్పుడు, ఎవరికీ చెప్పని పేరును ముసుగు తీసి మరీ చెబుతాడు. ఎందుకు చెప్పాడన్నది చివరి పేజీలో తెలుస్తుంది గనుక, దయచేసి ఆ పేజీని ముందుగా తిరగేయకండి.