పిన్నిగారూ, ఒక్క మాట: ఆ లైను తీసేసి పంపనా?

ప్రశ్న: పిన్నిగారూ, మేం సిడ్నీలో ఉంటాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో కొంతమంది పిల్లలు కలిసి మార్చి నెలంతా ఈత కొట్టి ‘లాప్స్ ఫర్ లైఫ్’ కోసం డబ్బులు పోగు చేస్తున్నారు. పిల్లల మానసిక ఆరోగ్యానికట. వీడు పది కిలోమీటర్లు ఈదుతానని పేరిచ్చాడు. మంచిదే కదా, మావాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడదామని వాడి పేజీ తెరిచాను. "పోయినేడాది నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడాక తేలికపడింది. అందుకే ఈదుతున్నాను" అని రాసి ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఈ సంగతి మాకు తెలియనే తెలియదు. గ్రూపులో ఎనభై ఆరుమంది, గుంటూరులో మా అత్తగారితో సహా. ఆ మాటలు తీయించి పంపితే తప్పా? ఐదొందల డాలర్ల టార్గెట్ మనమే కట్టేసి ఊరుకుందాం అంటున్నారు మావారు.
- ఒక తల్లి, సిడ్నీ

జవాబు: అమ్మా, ముందు మీవారి ఉపాయం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ పని నేను చేసి చూశాను. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా స్కూలువాళ్లు ఇలాగే నడక పెట్టారు. చుట్టుకి ఇంత అని ఇరుగుపొరుగు చేత రాయించుకురావాలి. కాగితంలో పన్నెండు గళ్లు. ఒకరి తలుపు తట్టి డబ్బులడగడం నాకు నామోషీ. పన్నెండు గళ్లలోనూ మా ఇంట్లోవాళ్ల పేర్లే రాసి, నోటు మడిచి కవర్లో పెట్టేశాను. అది చూసి మా పిల్ల, "నడవకముందే అంతా కట్టేస్తే ఇంక నేనెందుకమ్మా నడవడం?" అంది. ఏం చెప్పాలో తోచక చపాతీల పిండి కలుపుతూ కూర్చున్నాను. మీ పేరున యాభయ్యో వందో వేయండి, చాలు. రెండు డాలర్ల నుంచీ పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి రసీదు దాచుకోండి. మీ అత్తగారికి మాత్రం ఆ రసీదు ఇండియాలో 80జీ కింద, అంటే విరాళాలకిచ్చే పన్ను మినహాయింపుకి, పనికిరాదు. ముందే చెప్పండి, లేకపోతే వచ్చే ఉగాదిదాకా ఆ మాటే నడుస్తుంది.

ఇక ఆ లైను. వాడికి తెలియకుండా మాత్రం ముట్టుకోకండి.

పశ్చిమ సిడ్నీలో ఒక హైస్కూలు ఆఫీసులో 19 ఏళ్లు పనిచేశాను. ఒంట్లో బాగోలేని పిల్లల్ని పడుకోబెట్టే గది నా కుర్చీకి ఎదురుగానే. సోమవారం మొదటి పీరియడ్ అయ్యేసరికి కడుపునొప్పి అంటూ ఒకరిద్దరు వచ్చేవాళ్లు. థర్మామీటర్ పెడితే 36.7. ఐస్‌ప్యాక్ ఇస్తే కడుపు మీద పెట్టుకోరు, ఒళ్లో పెట్టుకుని నలుపుతూ కూర్చుంటారు. అది కరిగి యూనిఫాం తడిసేదాకా నోరు విప్పరు. విప్పినా, "మా అమ్మకి ఫోన్ చెయ్యకండి" అన్నదే మొదటి మాట. మన తెలుగు పిల్లలూ అంతే. అమ్మకి చెబితే ఏడుస్తుంది, నాన్నకి చెబితే ఫోన్ లాక్కుంటాడు, కౌన్సెలర్‌కి చెబితే ఈ రెండూ జరగవు అని వాళ్ల లెక్క. లెక్కలో తప్పుందని నేననను. మీకు చెప్పలేదన్న బాధ ఉంటుంది, కాదనను. కానీ వాడు మింగేసి ఊరుకోలేదు, ఒక మనిషి దగ్గరికి తన కాళ్ల మీద తనే వెళ్లాడు. ఇప్పుడు మీకూ చెప్పాడు. కాకపోతే పేజీలో రాసి చెప్పాడు.

మీకు భయం ఆ మూడు వాక్యాల మీద కాదు, ‘మెంటల్’ అన్న మాట మీద. మన భాషలో అది తిట్టు, ఏం చేస్తాం. ‘మానసిక ఆరోగ్యం’ అన్నా పేపర్ చదివినట్టుంటుంది. మీ అత్తగారికి "మనసు బాగోలేని పిల్లలకి సాయం చేసేవాళ్ల కోసం ఈదుతున్నాడు" అని చెప్పండి. ఆవిడ కాలంలోనూ మనసులు బాగోలేదు, ఆవిడకి తెలుసు. డబ్బు ఎవరికి అని అడిగితే, రీచౌట్ అనే సంస్థకి. డయల్ చేస్తే మోడెం కీచుమనే రోజుల్లో, 1990ల చివర్లోనే, కుర్రాళ్ల కోసం ఇంటర్నెట్‌లో మొదలుపెట్టారు. పేరు చెప్పకుండా రాత్రిపూట చదువుకోవచ్చు. తల్లిదండ్రులకీ విడిగా పేజీలున్నాయి, మీరూ చూడండి.

అయితే ఒక్కటి. వాడికి పద్నాలుగేళ్లు. ఇంటర్నెట్‌లో పెట్టినది మళ్లీ మన చేతికి పూర్తిగా రాదు. అందుకని వాడినే అడగండి: "ఇది అత్తయ్యలూ బాబాయిలూ అందరూ చదువుతారు, నీకు ఫరవాలేదా?" ఫరవాలేదంటే ఉన్నది ఉన్నట్టు పంపండి. కాస్త తగ్గిస్తానంటే వాడి చేత్తో వాడినే తగ్గించుకోమనండి. ఎనభై ఆరుమంది గ్రూపులో పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు, సిగ్గుపడి కాదు. గ్రూపులో పెడితే నలభై దండాల బొమ్మలు వస్తాయి, డాలర్లు రావు. పదిమందిని ఎంచుకుని విడివిడిగా అడగండి. నానమ్మకి వాణ్ణే ఫోన్ చెయ్యమనండి.

సంబంధాల మాట మీరు రాయలేదు, మనసులో ఉందేమోనని నేనే అంటున్నాను. పద్నాలుగేళ్లవాడికి ఇప్పట్నుంచా!

అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఇప్పుడు నిద్ర పడుతోందా? తిండి, స్నేహితులు ఎప్పట్లాగే ఉన్నారా? ఎప్పుడైనా చచ్చిపోవాలనిపించిందా అని కూడా సూటిగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనకో భయం, అలా అవదు. అవునంటే మాత్రం ఆ రోజే మీ జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికో, ఆస్పత్రికో తీసుకెళ్లండి. ప్రాణం మీదికొస్తే 000కి ఫోన్ చెయ్యండి. అర్ధరాత్రయినా లైఫ్‌లైన్ 13 11 14 ఎత్తుతారు. ఐదు నుంచి ఇరవై ఐదేళ్లవాళ్లకి కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800 ఉంది. అంత లేదు, అప్పుడప్పుడూ దిగులుగా ఉంటోందంటే జీపీని మెంటల్ హెల్త్ ప్లాన్ అడగండి, ఏడాదికి పది సిట్టింగుల దాకా మెడికేర్, అంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా, కొంత భరిస్తుంది. పన్నెండు నుంచి ఇరవై ఐదేళ్లవాళ్ల కోసం హెడ్‌స్పేస్ కేంద్రాలూ ఉన్నాయి.

పది కిలోమీటర్లంటే 25 మీటర్ల పూల్‌లో నాలుగొందల లాప్‌లు, 31 రోజులకి పంచితే రోజుకి పదమూడు. రోజూ కుదరదు కాబట్టి వారానికి మూడుసార్లు, ముప్పై చొప్పున పడతాయి. ఈదేవాడికి ఇరవై దాటాక లెక్క నిలవదు. కోనసీమలో నేను నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని కాలవలో ఈత నేర్చుకుంటుంటే మా తాతయ్య గట్టు మీద గొంతుకూర్చుని, నేను దాటినప్పుడల్లా ఒక చింతగింజ కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చేవాడు. ఒకసారి గింజ జారి నీళ్లలో పడితే ఆ దాటు లెక్కలోకి రాదన్నాడు, పోట్లాడాను. మీరూ ముప్పై గింజలు సంచిలో వేసుకుని వెళ్లండి. ఫోన్ మాత్రం కారులో వదిలేయండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పూల్‌లో మా స్కూలు పిల్లలతో ఇలాంటి ఈత పెట్టి విరాళాలు సేకరిద్దామనుకుంటున్నాం. ఎవరికివ్వాలి?
- కొండాపూర్, హైదరాబాద్

జవాబు: పూల్ దగ్గర ఈత వచ్చిన లైఫ్‌గార్డ్ ఉంటాడా, లేక గేటు దగ్గర వాచ్‌మన్‌నే ఆ పూట అక్కడ నిలబెడతారా? ముందు అది చూసుకోండి. డబ్బు విషయానికొస్తే, 2022లో మొదలైన టెలీ మానస్, 14416, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. దానికి మీ విరాళం అక్కర్లేదు, ఆ నంబరు ప్రతి క్లాసు గోడ మీదా రాయిస్తే చాలు. మీ స్కూల్లో కౌన్సెలర్ ఉన్నారా? ఉంటే వారానికి ఎన్ని రోజులొస్తారు, పిల్లలు నలుగురికీ కనపడకుండా వెళ్లి మాట్లాడే గది ఉందా? ప్రిన్సిపల్ గారిని అడిగి నాకు రాయండి. ఎవరికివ్వాలో అప్పుడు చెబుతాను.